ఒళ్ళు చూసే మనిషి

మా ఆయన లక్ష్మణప్పకు గుండెనొప్పి వచ్చింది చింతామణిలో, అంబిక ఇంట్లో. అంబిక అంటే నా సవతి. నొప్పి కూడా అక్కడికే పోయి తెచ్చుకోవాలా అని నాకు ఒళ్ళు మండింది.

బెంగళూరు ఆసుపత్రిలో ఛాతీ కోయలేదు. తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, గుండె దాకా తీగ పంపి, మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. ఆ పని జరిగేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే కొత్త మందును పరీక్షిస్తున్నారట. తన మీద పరీక్షించడానికి ఆయన సరేనన్నాడు. ఇంటికి పంపేముందు నర్సు రక్షిత మా ఇద్దరినీ పిలిచింది.

"ఈ మందుతో రక్తం కారడం తగ్గతాదా లేదా అని చూస్తాండాం. రోజూ ఫోన్ చేస్తా. తొడకాడ వాపు, నలుపు ఉంటే చెప్పాల. ఆయన ఒళ్ళు చూసే మనిషి ఎవరమ్మా?"

అంబిక నోరు తెరవబోయింది.

"నేనే. తాళి కట్టించుకున్నదాన్ని," అన్నాను, వార్డంతా వినేలా. అంబిక తల దించుకుంది. నా కడుపు చల్లబడింది. ఆయన్ని మా ఊరు పరగోడుకు తెచ్చేసుకున్నాను.

మూడోనాడు రక్షిత ఫోన్ చేసినప్పుడు ఆయన మంచం మీద ఉన్నాడు.

"తొడ చూపీ మామా," అన్నాను.

"ఏం లేదు పోమ్మే. బాగుండాదని చెప్పు."

పంచె గుప్పిట్లో పట్టుకున్నాడు, పరాయి ఆడదాని ముందు పట్టుకున్నట్టు. నా ఎదుట చొక్కా విప్పడం కూడా ఏనాడో మానేశాడు. లాగబోతే నా చెయ్యి తోసేశాడు. తోస్తుంటే నొప్పికి మొహం ముడుచుకుపోయింది.

ఏం లేదని చెప్తే నా పరువు నిలుస్తుంది. మనిషి నిలుస్తాడో లేదో. రక్షితను ఆగమని చెప్పి, అంబికకు ఫోన్ కలిపాను.

"నాకు చూపీలేదు. నువ్వు చెప్పు," అని సెల్లు ఆయన చెవికి ఆనించాను. ఆమె ఏమందో నాకు తెలియదు. ఆయన పంచె వదిలేశాడు.

నిమ్మకాయంత వాపు. చుట్టూ తొడంతా నల్లబడి ఉంది. రక్షితకు చెప్పాను.

"అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకోండమ్మా. వదలొద్దు. దగ్గరున్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకపోండి."

జీపులో ఆయన్ని పడుకోబెట్టి, పక్కన కూర్చుని నేను అదిమి పట్టుకునే ఉన్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. పేరేసంద్ర దాటాక ఆయన కళ్ళు తెరిచాడు.

"అంబిక వస్తాందా?"

ఇన్నేళ్ళకు ఆయన ఒంటి మీద నా చెయ్యి పడింది, అడిగింది ఆమెను. చెయ్యి తీసేద్దామనిపించింది నాకు, దేవుడి సాక్షిగా.

"చిక్కబళ్ళాపురం ఆసుపత్రికాడ కాసుకోనుండాది. నేనే రమ్మన్నా," అన్నాను, ఇంకా గట్టిగా అదిమి.