బొమ్మల మాస్టారి దరఖాస్తు

విదేశాలకు వెళ్ళి కొత్త విద్య నేర్చుకొని రావాలనుకునే ఉపాధ్యాయులకు దారి చూపడం ఆమె ఉద్యోగం. ఏ బడివాళ్ళు ఎవరిని పంపాలి, ఎక్కడికి, దేనికి అన్నది వాళ్ళతో కూర్చుని తేల్చి, నిధికి దరఖాస్తు రాయించేది. మంజూరు చేసేవాళ్ళు వేరే, ఈమెది సలహా వరకే. కాని రాసుకొచ్చిన ప్రతి కాగితాన్నీ ఎర్రకలంతో ఉతికి ఆరేసేది కాబట్టి పంతుళ్ళందరూ చాటున ఆమెను ‘ఎర్రసిరా’ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పేరు బాగానే ఉందనుకుని ఊరుకుంది.

అలాంటి ఎర్రసిరా ముందుకు ఒకరోజు వాళ్ళ వదినే దరఖాస్తుతో వచ్చింది. వదిన చెవిటి పిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. అయినా అందరితోపాటు వరండాలో బెంచీ మీద కూర్చుని, పిలిచాకే లోపలికి వచ్చింది.

“పొద్దున కాఫీ తాగుతూ ఇవ్వచ్చుగా వదినా?”

“ఇంట్లో నువ్వు ఆడపడుచువి. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకు పూర్తి మొగుడొకడున్నాడు, చాలు. ఇక్కడైతే ఆఫీసరువి. చూడు.”

చూసింది. ఐదుగురు టీచర్లు, ఒక పెద్ద నగరం, పేరున్న సంస్థలు, మ్యూజియం.

“విహారయాత్రకి బస్సు మాట్లాడినట్టుంది. అసలెందుకెళ్తున్నారు?”

“నేర్చుకోడానికి.”

“ఏం?”

వదిన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ పూట భోజనాల దగ్గర పప్పుగిన్నె కూడా మాట లేకుండానే జరిపింది. మధ్యలో అన్నయ్య అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మొహాలూ చూసి, “కూర బాగుంది” అన్నాడు. వండింది తనే అని తరవాత గుర్తొచ్చింది పాపం.

మర్నాడు ఎర్రసిరా తనే బడికి వెళ్ళింది. కాగితం మీద దొరకనిది కళ్ళతో చూస్తేనే దొరుకుతుందని ఆమెకు అనుభవం.

మొదట ఒకటో తరగతి. పంతులమ్మ మంచిది, ఓపిక గలది. శిక్షణలో నేర్చుకున్న సైగలను ఒక్కొక్కటే పొల్లు పోకుండా పెడుతోంది. పిల్లలు కిటికీ వైపు చూస్తున్నారు. పక్కగదిలో బొమ్మల మాస్టారు. పుట్టుచెవిటి. ఆ బడిలో చెవులు వినపడని పెద్దవాడు ఆయనొక్కడే. బొమ్మ గీయడం ఆపి, దారితప్పిన ఏనుగు కథ చెబుతున్నాడు. చేతులు, భుజాలు, కనుబొమలు అన్నీ కథే. పిల్లలు రెప్ప వెయ్యడం లేదు. సైగలు ఒక్కటీ తెలియని ఎర్రసిరా కూడా ఏనుగు బురదలో జారినచోట పకపకా నవ్వేసింది.

“వదినా, దొరికింది” అంది బయటికొచ్చి. “మాస్టారి దగ్గరున్నది పక్కగదికి చేరడం లేదు. ఆ గోడ ఎలా తియ్యాలో నేర్చుకోడానికి వెళ్ళండి. చెవిటి టీచరూ, వినపడే టీచరూ జంటగా ఒకే క్లాసు చెప్పే బడి ఒకటి నాకు తెలుసు. ఐదుగురొద్దు. మాస్టారూ, ఒకటో క్లాసు పంతులమ్మా. జంటగా.”

“నిన్నే చెప్పొచ్చుగా ఈ మాట?” అంది వదిన.

“నిన్న నాకూ తెలీదు.”

తీరా చూస్తే మాస్టారే ఒప్పుకోలేదు. ఆయన చేతులాడిస్తుంటే వదిన మాటల్లో చెప్పింది: “నాకు వెంట దుబాసీ కావాలి. ఇద్దరి ఖర్చులో ముగ్గురా? నన్ను చూసి మొత్తం కొట్టేస్తారు. వేరేవాళ్ళని పంపండి.”

“దుబాసీ ఖర్చుకి విడిగా ఇస్తారు మాస్టారూ. బడి వాటాలోంచి తియ్యరు. అడగాలంతే” అంది ఎర్రసిరా.

ఆయన మర్యాదగా తలూపాడు. నమ్మలేదని ఆ ఊపులోనే తెలిసిపోయింది. ఆఫీసులు చెప్పే తియ్యటి కబుర్లు ఆయన చాలా చూశాడు.

సరే, ముందు అవతలి బడితో మాట్లాడదామని వీడియో కాల్ పెట్టారు. అక్కడే పెద్ద చిక్కు. వాళ్ళ సైగల భాష వేరు, మన సైగల భాష వేరు. అక్కడి చెవిటి టీచరు, తెల్లజుట్టు పెద్దావిడ, ఒక మాట సైగ చేస్తే, వాళ్ళ దుబాసీ దాన్ని మాటల్లో పెట్టాలి. అది ఇరుపక్షాలకూ వచ్చిన మూడో భాషలోకి మారాలి. దాన్ని ఎర్రసిరా తెలుగులో చెప్పాలి. ఇటు దుబాసీ మళ్ళీ సైగ చెయ్యాలి. “మీ బడిలో ఎంతమంది పిల్లలు?” అన్న ప్రశ్న ఊరంతా తిరిగి ఇల్లు చేరేసరికి అందరికీ చెమటలు పట్టాయి.

జవాబు తిరుగు ప్రయాణంలో ఉండగా తెరకు అటూ ఇటూ నవ్వులు మొదలయ్యాయి. చూస్తే మాస్టారూ, ఆ పెద్దావిడా దుబాసీలను ఎప్పుడో వదిలేశారు. గాలిలో బొమ్మలు గీస్తూ, ముఖాలు మారుస్తూ, తొడలు చరుచుకుంటూ ఎక్కడికో వెళ్ళిపోయారు.

“ఏంటట?” అని అడిగింది ఎర్రసిరా.

ఇటు దుబాసీ గొంతు సవరించుకుంది. “మన గురించేనండి. వినపడేవాళ్ళకి ఒక్క మాట చేరడానికి ఇంత అవస్థా అని జాలిపడుతున్నారు.”

వదిన కడుపు పట్టుకుని నవ్వింది. ఎర్రసిరా ఎంత బిగబట్టుకున్నా ఆగలేదు.

పెద్దావిడ తమ బడి కబుర్లన్నీ ఆయనకు చెప్పింది. ఆ కాల్ ముగిశాక మాస్టారు వెళ్ళనని మళ్ళీ అనలేదు. దరఖాస్తులో ‘తిరిగొచ్చాక ఏం మారుతుంది’ అన్నచోట తనే చెబుతానన్నాడు. ఆయన చెప్పింది వదిన రాసింది: “మా పిల్లలు చూసే చెవిటి పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని పెద్దయితే బొమ్మల మాస్టారే కావాలేమో అనుకుంటున్నారు. అక్కడ లెక్కలు చెప్పే చెవిటి టీచరుంది. బడి నడిపే ఆవిడా ఉంది. వాళ్ళని చూసొచ్చి పిల్లలకి చెబుతాను.”

ఎర్రసిరా కలం ఆ నాలుగు ముక్కల మీద ఆడలేదు. మిగతా అంతటా ఆడింది. జంటగా ఏయే క్లాసుల్లో కూర్చుంటారు, వచ్చాక ఏ తరగతితో మొదలెడతారు, దుబాసీ ఎన్నాళ్ళు కావాలి, అన్నీ అడిగి వదినను పీల్చి పిప్పి చేసింది. వదిన గొణుక్కుంటూనే అన్నీ రాసింది.

ఫలితం ఒక పొద్దున వచ్చింది. వదిన బడి నుంచి ఫోన్ చేసింది కాని మాట్లాడలేదు. ధన్ ధన్ ధన్ అని ఒకటే మోత. చెక్కనేల మీద పిల్లలందరూ కాళ్ళతో తొక్కుతున్నారని, ఆ అదురు అరికాళ్ళకు తెలిస్తే వాళ్ళకదే చప్పట్లని అర్థం చేసుకోవడానికి ఎర్రసిరాకు కొంచెంసేపు పట్టింది. అప్పుడిక కళ్ళు తుడుచుకోకుండా ఫోను చెవికి అలాగే ఆనించుకుంది.

మోత తగ్గాక వదిన గొంతు వినిపించింది. “దుబాసీకి కూడా ఇచ్చారే.”

“ఇస్తారన్నానుగా.”

“అన్నావులే. నీ మాట నేనూ నమ్మలేదు.”

మాస్టారూ, పంతులమ్మా వెళ్ళొచ్చారు. వచ్చిన మర్నాడు బడంతా హాల్లో కూర్చుంది, ఎర్రసిరా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఇద్దరూ జంటగానే చెప్పారు. పంతులమ్మ చేతులు ఇప్పుడు భయం లేకుండా కదులుతున్నాయి. తప్పుపోయినచోట మాస్టారు కనుబొమ ఎగరేస్తే తనే నవ్వుకుని దిద్దుకుంటోంది. లెక్కల టీచరు సంగతి చెప్పారు. తెల్లజుట్టు పెద్దావిడే ఆ బడికి హెడ్మిస్ట్రెస్ అని చెప్పారు.

ముందు వరసలో రెండు జడల పిల్ల చటుక్కున లేచి, వదిన వైపు తిరిగి ఏదో గబగబా అడిగింది. హాలంతా నవ్వులతో ఊగిపోయింది. వదిన ముఖం ఎర్రబడింది.

“ఏమంది?” అని ఎర్రసిరా పక్కనున్న దుబాసీని గిల్లింది.

“మేడమ్ రిటైరయ్యేదెప్పుడో కనుక్కుంటోందండి. ఆ కుర్చీ తనకి కావాలట.”

వదిన నడుం మీద చేతులేసుకుని ఆ పిల్లను ఎగాదిగా చూసింది. తరవాత మెల్లగా సైగ చేసింది. ముందు కూడికలు నేర్చుకో, తరవాత మాట్లాడదాం. ఆ పిల్ల సరేనని తలూపి, బుద్ధిగా కూర్చుంది.