అవ్వ చేతి రొట్టె

ఆదిలాబాద్ బస్టాండు దగ్గర మా మరిది రాకేశ్‌కు ఒక మెస్ ఉంది. పైన ఫ్లెక్సీ మీద "అవ్వ చేతి జొన్నరొట్టెలు" అని ఎర్రటి అక్షరాలు, పక్కనే పిండి అంటిన ఒక చెయ్యి. అది మా అత్తమ్మ బాలలక్ష్మి చెయ్యి. ఫొటో తీసేటప్పుడు చేతికి నిండుదనం లేదని నా గాజులు అడిగి తొడిగించారు. ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. కనుక ఆ వ్యాపారంలో నాకూ కొంత వాటా ఉన్నట్టే.

పోయిన వానాకాలం ఆ చెయ్యి పడిపోయింది. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తుండగానే అత్తమ్మకు కుడివైపు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా కరీంనగర్‌లోని మా ఇంటికి తెచ్చారు. "మా తాన మంచమేసే జాగ లేదన్నా" అన్నాడు రాకేశ్ మా ఆయనతో. నిజమే. ఇన్నేళ్ళూ అక్కడ ఆమెకు నిలబడే జాగ ఒక్కటే ఉండేది.

కాలు త్వరగానే దారికొచ్చింది. గోడ పట్టుకొని నడిచేది. చెయ్యి మాత్రం ఎవరిదో సామాను తెచ్చి ఒళ్ళో పెట్టినట్టు ఉండిపోయింది. రాకేశ్ రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు.

"ఎట్లున్నది వదినె?"

"అత్తమ్మ మంచిగనే ఉన్నది."

"చెయ్యి వదినె, చెయ్యి?"

చూడవచ్చిన చుట్టాలంతా, రోజూ ఫోన్ చేస్తాడట, కొడుకంటే వాడూ అని మెచ్చుకొని, నేనిచ్చిన చాయ్ తాగి పోయేవాళ్ళు.

ఇక మా ఆడబిడ్డ సృజన సంగతి. ఆమె ఫిజియోథెరపిస్టు. కరీంనగర్‌లోనే చదువుకొని ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే జనం "మాలిష్ డాక్టరమ్మ" అన్నారు. మస్కట్ పోయాక మాలిష్ రాలిపోయి డాక్టరమ్మ మిగిలింది. అక్కడొక పెద్దింటి ముసలావిడకు చేతి వ్యాయామాలు నేర్పితే, ఆవిడకు బదులు పనిమనిషి చేసేదట. "ముసలమ్మ చెయ్యి గట్లనే ఉన్నది వదినా, పనిపిల్లకు మాత్రం కండలొచ్చినయ్" అని చెప్పి మమ్మల్ని నవ్వించేది. ఆ తర్వాత ఐర్లండ్. అక్కడివాళ్ళు మన చదువును అలాగే ఒప్పుకోలేదు. కొన్ని నెలలు ఒకరి చేతి కింద మళ్ళీ మొదటినుంచి పనిచేయించి, అప్పుడు గానీ రిజిస్ట్రేషన్ ఇవ్వలేదు.

తల్లి కోసం సృజన జీతం లేని సెలవు పెట్టి వచ్చింది. మా ఆయన రాంచందర్ పొద్దున వాకింగ్‌లో కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పాడు. "మా చెల్లె పట్టుకున్నదంటె ఎసుంటి చెయ్యైన లేవాల్సిందే." సృజన పైకి అనలేదు గానీ ఆమె పట్టుదలా అదే. పరాయి దేశాల్లో ఎందరి చేతులో లేపి, కన్నతల్లి చెయ్యి లేపలేకపోతే ఆ చదువు ఎందుకు?

మొదటిరోజు తల్లి ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది.

"అవ్వా, గీ చెయ్యి మంచిగైతె దీంతోని నీకేం చెయ్యాలనున్నది?"

ఐర్లండ్‌లో వైద్యం ఆ ప్రశ్నతోనే మొదలవుతుందట. ఒక తాత తన కుక్కకు తానే తిండి పెట్టుకోవాలన్నాడట. ఒకావిడ చర్చికి పోయేముందు కోటు గుండీలు తానే పెట్టుకోవాలన్నదట. ఎవరు ఏది కోరితే దాని చుట్టూ వ్యాయామం అల్లుతారట.

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. నీకేం కావాలని ఆమెను ఎవరైనా అడగడం నేనైతే ఆ రోజే చూశాను.

"ఏమొద్దు బిడ్డ."

"ఏమొద్దంటె ఎట్ల? ఒక్కటన్న చెప్పు."

"చెప్తున్న గద. దీంతోని నేనేం చెయ్య."

సృజన నా దిక్కు తిరిగి నవ్వింది. "దిగులు వదినా. గీ బీమారి వచ్చినోళ్ళకు ఉంటది. పోతది."

మరునాడే వైద్యం మొదలైంది. బాగున్న ఎడమచేతికి ఐర్లండ్ నుంచి తెచ్చిన ఉన్ని గ్లౌజు తొడిగి, వేళ్ళు కదలకుండా పైన గుడ్డ చుట్టింది. మంచి చెయ్యి ఖాళీగా దొరికితే పడిపోయిన చెయ్యి పని నేర్చుకోదట. అన్నం కూడా ఎవరూ తినిపించొద్దంది. ఆ గ్లౌజు మా పరువు తీసింది. అత్తమ్మ తమ్ముడు హనుమండ్లు మామ లక్సెట్టిపేట నుంచి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందే ఇది? ఉన్న ఒక్క చెయ్యిని గూడ కట్టేసిన్రు?"

"వైద్యం మామా" అంది సృజన.

"ఏం వైద్యమే? అక్క అన్నం మీద మీద వోసుకోవట్టె, కోడలు చూస్కుంట కూసోవట్టె. మా దిక్కు గిట్ల జేస్తె నలుగురు మొఖాన ఉమ్మేస్తరు."

"తుడుచుకునేది నేనే గద మామా, మీరు పరేషాన్ గాకున్రి. కూసోన్రి, చాయ్ తెస్త" అన్నాను.

ఆయన చాయ్ తాగాడు. తాగి లక్సెట్టిపేట పోయి, కోడలు జమున అత్తను కట్టేసి ఉపాసం ఉంచుతున్నదని చెప్పాడు. నాలుగు జిల్లాల చుట్టాలకు ఆ మాట నాకంటే ముందే తెలిసింది.

సృజన ఇవేవీ చెవిన పెట్టలేదు. తల్లి చేత తడి తువ్వాల పిండించేది. డబ్బా మూతలు తిప్పించేది. చిక్కుడు గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయించేది. మొదట భుజం లేచింది, తర్వాత మోచెయ్యి. సాయంత్రం ఫోన్‌లో రాకేశ్ "చెయ్యి లేపవ్వా" అంటే అత్తమ్మ లేపి చూపేది. "వేళ్ళు?" అనేవాడు. వేళ్ళు ఇంకా రాలేదు. ఒకనాడు చిక్కుడు గింజ ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నిలబడింది. సృజన చిన్నపిల్లలా గెంతింది. ఒక చిక్కుడు గింజకు అంత మర్యాద జరగడం నేనెన్నడూ చూడలేదు.

వారం తిరిగేసరికి అత్తమ్మ ఆ చేత్తోనే ముద్ద కలుపుకుంది. అంతా అయ్యాక ఒకేసారి చూపిద్దామని, వేళ్ళు వచ్చిన సంగతి అన్నలిద్దరికీ చెప్పొద్దంది సృజన. "ఇగ ఆఖరు పరీక్ష. ఆ చేతికి అన్నిటికన్న బాగ తెల్సిన పని" అని సృజన జొన్నపిండి తీసింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో మేం ముగ్గురమే. నన్ను ఫోన్‌లో వీడియో తియ్యమంది.

అత్తమ్మ వేడినీళ్ళతో పిండి తడిపి, మెదిపి, ఉండ చేసి పీట మీద పెట్టింది. తట్టడం మొదలుపెట్టాక ఆ చెయ్యి ఎవరినీ అడగలేదు. పొడిపిండి తానే తీసుకుంది. రొట్టె తిరుగుతూ తిరుగుతూ వెడల్పయింది. పెంక మీద వేసి, నీళ్ళ తడి పూసింది. సృజన కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇంటోళ్ళ గ్రూపుల వెయ్యి వదినా. చిన్నన్న చూసి మురుస్తడు."

నా బొటనవేలు పంపే గుర్తు మీదే ఉంది. అప్పుడు అత్తమ్మ పెంక మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"మొదటిరోజు నువ్వొక మాట అడిగినవ్ బిడ్డ. దీంతోని ఏం చేస్తవని. నేనేమన్న?"

"ఏమొద్దన్నవ్."

"నువ్వు నవ్వినవ్."

అత్తమ్మ కుడిచేతిని తిప్పి చూపించింది. అరచేతి అంచున కాలిన మచ్చ. పడిపోయినప్పుడు పొయ్యి తగిలిందని అందరం అనుకున్నదే.

"చెయ్యి పెంక మీద పడ్డది. నాకు సుర్రుమనలే. వాసనైతె వస్తున్నది గని అది నాదే అని ఎర్కలేదు. రాకేశ్‌గాడు గల్లాపెట్టె కాడికెల్లి అరిచిండు. అవ్వా, రొట్టె మాడుతున్నది, తిప్పూ అని."

అత్తమ్మ ఆ చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"వాడు చెడ్డోడని అంటలేను. నా కొడుకే. కని గా పొయ్యి కాడికి మల్ల నేను పోను. చెయ్యొచ్చిందంటె పోవాలె. పోనంటె మీ హనుమండ్లు మామ ఊకుంటడా? కొడుకు పిలిస్తె తల్లి పోనన్నదట అని ఊరంత అనరా? చెయ్యి లేదంటె ఎవ్వలేమనరు."

"నేను చెప్త చిన్నన్నకు. లడాయి పెట్టుకుంట" అంది సృజన.

"పెట్టుకో. పెట్టుకొని నువ్వు విమానమెక్కుతవ్. ఈడ ఉండేది నేను."

పెంక మీద రొట్టె మాడింది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం గానీ ఎవరమూ తిప్పలేదు.

వీడియో నా చేతిలో ఉంది. పంపితే ఆదివారానికల్లా రాకేశ్ కారు తెస్తాడు, అత్తమ్మ మంచం వేసిన నా ముందుగది నాకు వస్తుంది. పంపకపోతే అత్తాకోడళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఈ ఇంట్లోనే ఉంటాం. నేనేం దేవతను కాను, కాసేపు బేరీజు వేసుకున్నాను. తర్వాత చెరిపేశాను. గాజుల సంగతి గుర్తుకొచ్చి ఉంటుంది.

రాకేశ్ ఎవరూ పిలవకుండానే వచ్చాడు. పెద్దమనిషిగా హనుమండ్లు మామను వెంటబెట్టుకొని, కారులో జొన్నపిండి సంచి వేసుకొని వచ్చాడు. చెయ్యి అంతెత్తు లేస్తున్నదంటే వేళ్ళు కూడా వచ్చే ఉంటాయని వాడి నమ్మకం. పళ్ళెంలో పిండి పోసి తల్లి ముందు పెట్టాడు.

"ఒక్క రొట్టె కొట్టవ్వా. గిరాకోళ్ళు మొఖం మీదనే అంటున్నరు. బోర్డు మీద చెయ్యి అవ్వది, లోపట రొట్టె మమతది అని." మమతారాణి వాడి భార్య. ఆమె రొట్టెలు గట్టిగా వస్తాయని ఆదిలాబాద్ అంతా తెలుసు.

అత్తమ్మ కుడిచేతిని పిండిలో పెట్టింది. చెయ్యి అక్కడే పడి ఉంది. ఊరికే ఉండటానికి అది ఎంత కష్టపడుతోందో నాకూ సృజనకూ మాత్రమే తెలుసు. చిటికెనవేలు ఒక్కసారి పిండిని దగ్గరికి లాగబోయి ఆగిపోయింది.

అందరూ సృజన వైపు చూశారు. సృజన తల్లి వైపు చూసింది. అత్తమ్మ కళ్ళతో కూడా ఏమీ అడగలేదు, పిండిలోకి తల వంచుకుంది.

"వేళ్ళు రాలే చిన్నన్నా" అంది సృజన. మళ్ళీ అంది. "ఇగ రావు."

"రావా? ఇన్నొద్దులు ఏం జేసినవ్ మరి?" రాకేశ్ లేచి నిలబడ్డాడు. "ఆడ దొరల చేతులు లేపుతవ్, దొరసాన్ల చేతులు లేపుతవ్. కన్నతల్లిది లేపరాలేదా?"

"ఎడమ చెయ్యి కట్టేసిననాడే అనుకున్న" అన్నాడు మామ. "దేశాలు తిరిగితె వైద్యమొస్తదా? మంథని దిక్కు పసరు పోసేటాయన ఉన్నడు, గాయిన కాడికి తీస్కపోయినా లేస్తుండె."

మా ఆయన నేల చూస్తూ అన్నాడు. "గంత సెలవు దేనికి పెట్టినట్టో..."

సృజన నోరు నాకు తెలుసు. ఐర్లండ్‌లో పెద్ద డాక్టర్ పొరపాటు చెప్తే, వార్డులో అందరి ముందే కాదని దిద్దిన మనిషి. ఆ రోజు ఆ ఉన్ని గ్లౌజును మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"అవ్వను నీ కాడనే ఉండనియ్యి వదినె, నువ్వైతె మంచిగ చూస్తవ్" అన్నాడు రాకేశ్ చెప్పులు వేసుకుంటూ. నన్ను మెచ్చుకోవడం వాడికి అదే మొదటిసారి. కారెక్కేటప్పుడు పిండి సంచి మాత్రం మరవలేదు. మా ఆయన మరునాటి నుంచి వాకింగ్‌కు వేరే దారి పట్టాడు.

ఐర్లండ్ పోయేముందు సృజన నన్ను వంటింట్లోకి పిలిచింది. "తలుపేసుకొని రోజు చేపియ్యి వదినా. వాడకుంటె నిజంగనే పోతది. అబద్ధం చెప్పినమని చేతికి తెల్వది."

కొన్నాళ్ళు చేయించాను. మధ్యాహ్నం గొళ్ళెం పెట్టి చిక్కుడు గింజలు ముందు పోసేదాన్ని. మా ఆయనకు చెప్పలేదు, ఆయన కడుపులో మాట ఒక పూట కూడా నిలవదు. జనం ముందు నేనే ముద్దలు కలిపి తినిపించేదాన్ని. కోడలంటే జమున అన్నారు చుట్టాలు. వైద్యం చేయించినప్పుడు పోయిన పేరు, అబద్ధం ఆడాక తిరిగొచ్చింది.

ఒకనాడు హనుమండ్లు మామ కూర్చొని ఉండగా స్టీలు గ్లాసు జారింది. అత్తమ్మ కుడిచెయ్యి దానంతటదే ఎగిరి అందుకోబోయింది. నేను అడ్డంగా వంగి గ్లాసు తీశాను. మామ ఫోన్ చూసుకుంటున్నాడు గనుక బతికిపోయాం. ఆ సాయంత్రమే అత్తమ్మ చిక్కుడు గింజల గిన్నెను పక్కకు నెట్టింది.

"వద్దు జమునా. ఇది అలవాటైతె ఎన్నడో నన్ను పట్టిస్తది."

"పోతది అత్తమ్మా. సృజన చెప్పింది గద."

"పోనియ్యి."

నేను బతిమాలాను, కసిరాను. ఆ చెయ్యి కొంగు కిందికి పోయింది, మళ్ళీ బయటకు రాలేదు. ఎండాకాలం వచ్చేసరికి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. సృజన వీడియో కాల్ చేసింది.

"చాపు అవ్వా, చూద్దాం. ఎవ్వలు లేరు, మనమే."

అత్తమ్మ ఫోన్ వైపు చూస్తూ ఉంది.

"చాపవ్వా. తలుపేసే ఉన్నది గద."

"చాపుతనే ఉన్న బిడ్డ."

అవతల సృజన ముఖం కదల్లేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు. ఆమె వెనక కిటికీలో వాన పడుతూనే ఉంది.

మొన్న రాకేశ్ మెస్‌కు కొత్త ఫ్లెక్సీ కట్టించి గ్రూపులో ఫొటో పెట్టాడు. రొట్టెలకు ఒకామెను జీతానికి కుదుర్చుకున్నాడట. చెయ్యి మాత్రం పాతదే, ముందుకన్నా పెద్దగా వేయించాడు. అన్నం తినిపిస్తూ అత్తమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది.

"గాజులు నీయే గద?"

"నాయే అత్తమ్మా."

"అడిగి తీస్కో" అని నోరు తెరిచింది. ముద్ద పెట్టాను. ఆ పూట ఇంట్లో చూసే చుట్టాలెవరూ లేరు.