పుష్పవతి అంగీకారం

వెంకటకృష్ణారావుకి తోట కొట్టేయాలని ఉంది. ముసునూరు దారిలో నాలుగెకరాల చిన్న రసాల మామిడి. అవి తీసేసి ఆయిల్‌పామ్ వేస్తాడు. అడ్డం ఒకటే. తోట పెళ్లాం పుష్పవతి పేరున ఉంది. వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన తోట. బతికుండగా ఆవిడ ఒక్క కొమ్మ నరకనివ్వలేదు. పోయి పద్నాలుగు నెలలైంది.

పోయిన సంగతి ఊరందరికీ తెలుసు, మళ్లీ కాగితమెందుకని అతను చావు నమోదు చేయించలేదు. అందుకే ఈ మధ్యాహ్నం గ్రామ సచివాలయంలో పనిచేసే శ్రావణి ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చింది.

"ఆన్‌లైన్లో పిన్ని గారు బతికే ఉన్నారు బాబాయి గారూ. తోట మీ పేరుకి మారాలంటే ఆవిడ ఒప్పుకోవాలంట."

"ఉన్నప్పుడే ఒప్పుకోలేదు. ఇప్పుడేం ఒప్పుకుంటుంది?"

"ఈ యాప్ మొహం చూసి కళ్లార్పమంటుంది. గోడమీది ఫొటోకి పెడదాం. మూడుసార్లు ఫెయిలైతే మనిషి లేరని విచారణకి పంపేస్తాను."

"మీ గవర్నమెంటుకి ఫొటోకీ మనిషికీ తేడా తెలీదన్నమాట."

"తెలుస్తుందనేగా పెడుతున్నాను!" నవ్వింది శ్రావణి.

ఫొటో ముందు ఫోన్ ఎత్తింది. దాన్లోంచి ఆడగొంతు పలికింది. "దయచేసి కళ్లు ఆర్పండి."

ఎర్ర గీత పడింది. రెండోసారీ ఎరుపే.

"దయచేసి కళ్లు ఆర్పండి."

మూడోసారి పచ్చగా వెలిగింది.

"కిటికీ వెలుగు పడిందేమోనండీ," అంది శ్రావణి. గొంతు తగ్గింది.

కిటికీ మూసే ఉంది. కరెంటు లేదు.

"ధ్రువీకరణ పూర్తయింది. పేరు మార్పుకు మీరు అంగీకరిస్తున్నారా?" అడిగింది ఫోన్. తెరమీద రెండు గళ్లు. అవును, కాదు.

శ్రావణి ఫోన్ అతని చేతిలో పెట్టేసి గుమ్మం దాకా వెళ్లింది. "మీరే నొక్కండి. అవునంటే తోట మీదే. ఎవరడుగుతారు?"

అవును మీదికి వేలు చాపాడు. ఎందుకో తలెత్తి గోడ వైపు చూశాడు.

ఫొటోలో రెప్పలు వాలి ఉన్నాయి. ఇంకా లేవలేదు. అలిగి మాట్లాడని రోజుల్లో, అతను దారికొచ్చేదాకా ఆవిడ అలాగే కూర్చునేది.

"నొక్కారా బాబాయి గారూ?"

వేలు పక్కకి జరిపి 'కాదు' నొక్కాడు. ఫోన్ తిరిగిచ్చి చెప్పులేసుకున్నాడు.

రెప్పలు లేచాయో లేదో మాత్రం తలెత్తి చూడలేదు.