సలోమి నిలిచిపోయిన వాక్యము

శిశిరశేషశైత్యము సంపూర్ణముగా తొలగి వసంతశోభ యింకను పూర్ణముగా ప్రకటితము గాని ఫాల్గునావసానమున, నీరు తగ్గి కృశాంగియైన గోదావరీకుల్య మందగతిని ప్రవహించుచుండ తత్తీరనింబతరువులు జీర్ణపర్ణభారమును విడిచి తామ్రవర్ణకిసలయములను ధరించుచుండ, అపరాహ్ణాతపము కాలువపాలెపు క్రైస్తవదేవాలయముయొక్క సున్నపుగోడలపై బడి చూచువారి కన్నులు చెదర మెఱయుచుండెను.

అది పునరుత్థానపండుగకు వారముముందు వచ్చు మట్టలాదివారమునకు ముందటి శనివారము. ప్రభుభోజనపు బల్లకు క్రొత్తగా చేరగోరువారిని ఆ దినమున పరీక్షించుట ఆ సంఘమునందు చిరకాలాచారము. పదియాజ్ఞలును విశ్వాసప్రమాణమును ప్రభువు నేర్పిన ప్రార్థనయు తడబడక ఒప్పగింపవలెను. అభ్యర్థియొక్క నడవడికి సంఘస్థు డొకడు సాక్షిగా నిలువవలెను. ఇట్లు ఉత్తీర్ణులైనవారికే పునరుత్థానపండుగనాడు రొట్టెయు ద్రాక్షారసమును లభించును.

పరీక్షాధికారి చట్ల దైవాశీర్వాదముగారు. మిషను ఉన్నతపాఠశాలయందు ముప్పదిమూడు సంవత్సరములు ఆంగ్లభాషను బోధించి విశ్రాంతులై సంఘపుపెద్దలలో ప్రథములుగా పరిగణింపబడుచున్న యా మహాశయుడు, ఎంతటి యెండలోనైనను మెడవఱకు బొత్తాములు బిగించిన నల్లకోటు విడువక, ఎంతటి యాత్మీయునియందైనను ఒక్క యక్షరదోషమును సహింపక, వాక్యము కంఠస్థము గానివానికి ఆత్మాభివృద్ధి కలుగుట వేరులేని చెట్టు చిగిర్చుటవంటిదని దృఢముగా విశ్వసించి యుండెను. ఆయన విశ్వాసము నిష్కపటము. ఆయన కాఠిన్యము తన్మూలకము.

ఆనాటి అభ్యర్థులలో నలుగురు బాలికలును, అఱువదియేండ్ల వృద్ధ యొకతెయు నుండిరి. ఆ వృద్ధ తుంగచాప లల్లి జీవించు విధవ. బాప్తిస్మమునందు సలోమి యను నామమును పొందినను ఊరివారినోట సాలమ్మయే యయ్యెను. ఆమె యంతకుమునుపు మూడు సంవత్సరములు వరుసగా పరీక్షకు వచ్చి, ఆజ్ఞలను చెప్పి, ప్రమాణమును చెప్పి, ప్రార్థనలో అనుదినాహారమును అడుగు వాక్యమువఱకు సాఫీగా నడచి, తరువాతి వాక్యముకడ మూగవోయి, తలవంచుకొని వెడలిపోయెను. దైవాశీర్వాదముగారు మూడుమారులును పరీక్షాపుస్తకమునందు "జ్ఞాపకశక్తి చాలదు" అని యందమైన దస్తూరితో వ్రాసిరి. నాలుగవమారును తప్పినవారు మరి మూడేండ్లవఱకు రాగూడదని ఆ సంవత్సరమే పెద్దలసభలో తీర్మానము చేయించినవారును వారే. శీతకాలమంతయు రొప్పుతో మంచముపట్టి లేచిన సాలమ్మ మూడేండ్లు బ్రదుకునని ఆ పాలెములో నెవ్వరికిని నమ్మకము లేకుండెను.

బాలికల పరీక్ష ముగిసెను. ఆయన కండ్లజోడు సవరించుకొని "సలోమీ, నీకు సాక్షి యెవరు?" అని ప్రశ్నించెను.

"మా తోడికోడలండీ, ఎస్తేరమ్మ. వస్తా ఉంది."

వెనుకబెంచీనుండి బాలికలు కిలకిల నవ్విరి. "ఒసే, వీళ్ళిద్దరూ ఒక్క బావికాడ నీళ్ళు తోడుకోరే! ఇది పరీక్షా, పంచాయితీయా?" అని యొకతె గొణిగెను. ఇంతలో వంకరగా అతికిన కుడిమణికట్టును చీరచెఱగుతో కప్పుకొనుచు స్థూలకాయయగు ఎస్తేరమ్మ లోపలికి వచ్చి, బాలికల నొక్క చూపుతో నిశ్శబ్దము గావించి, సాలమ్మ ప్రక్కను నిలువబడెను.

సాలమ్మ ఆజ్ఞలను చెప్పెను. ప్రమాణమును చెప్పెను. ప్రార్థనకు కన్నులు మూసికొని, అనుదినాహారమును అడుగు వాక్యమును ముగించి, నిలిచిపోయెను. దైవాశీర్వాదముగారు మునుపటి మూడు పంక్తులక్రింద కలమును మోపి మొదటియక్షరమును వ్రాసిరి. అప్పుడు సాలమ్మ దీర్ఘముగా శ్వాసించి, మాకు కీడు చేసినవారిని మేము మన్నించితిమి గనుక మమ్మును మన్నింపుమను భావముగల యా వాక్యమును, బరువైన బిందెను మెట్టుమెట్టునకు దించుచు కాలువనుండి గట్టెక్కుదానివలె మెల్లమెల్లగా పలికి, తక్కినదానిని అవలీలగా ముగించెను.

కలము నిలిచెను. "మూడు వత్సరములు స్ఫురింపని వాక్యము నేడెట్లు స్ఫురించినది? నీకు దీనిని నేర్పిన వారెవరు?"

"వొచ్చండీ మేష్టారూ. మొదటేడే వొచ్చు. అనలేక ఊరుకున్నాను."

"తెలిసిన వాక్యమును అనలేకపోవుట యేమి?"

"దేవుడి ముందర నిలబడి, నన్ను ఏడిపించినోళ్ళని మన్నించానయ్యా అని ఎట్టా అనేదండీ? ఈవిడగారి మొహం చూస్తే కడుపు రగిలిపోయేది. అబద్ధమాడి బల్లకాడికి రావడానికి మనసొప్పలేదు."

దైవాశీర్వాదముగారు ఏమియు ననకమునుపే ఎస్తేరమ్మ ముందునకు వచ్చెను. "దాన్నేం అడుగుతారు, నన్నడగండి. అయిదేళ్ళకిందట దీని కూతురు జొరంతో పోయినప్పుడు, ఊరంతా కూర్చున్నచోట అన్నానండీ. బాప్తిస్మం పుచ్చుకుని కూడా చాటుగా పిల్లకి తాయెత్తు కట్టావు, అందుకే దేవుడు తీసుకెళ్ళిపోయాడని. శవం లేవకముందే అన్నాను."



"వానాకాలంలో నేను జారిపడి చెయ్యి విరిగితే రెండునెల్లు ఇదే వండిపెట్టింది. గిన్నె గుమ్మంలో పెట్టి, మొహం చూడకుండా పోయేది. కూరలో ఉప్పు కూడా వేసేది కాదు."

"వేసేదాన్నే! నీ నాలికే చచ్చింది" అని సాలమ్మ కన్నులు తెఱచి తటాలున ననెను.

"అట్లయిన, ఆ సేవ చేయునప్పుడే యీమెను మన్నించితివా?" అని దైవాశీర్వాదముగారు తమకు తెలియకయే స్వరమును తగ్గించి యడిగిరి.

"అన్నం పెట్టినంత తేలిగ్గా పోతుందేంటండీ? పొద్దున్న ప్రార్థన చేసుకుంటే పోయేది, సాయంకాలానికి మళ్ళీ వచ్చి కూర్చునేది. చుట్టపుచూపుగా కాదు, సొంతింటికొచ్చినట్టే. మొన్నీమధ్య పిల్ల సమాధిమీద గడ్డి పీకుతుంటే ఈవిడ వచ్చి ఎడంచేత్తో పీకింది. ఏం అనలేదు. నేనూ ఏం అనలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఆ మాట అని చూశానండి. గొంతు దాటింది." ఆమె యొకింత యాగి, ఎగతాళిలేశమైనను లేని నిర్మలకుతూహలముతో, "తమరు చదువుకున్నోరు. ఆ వాక్యం తమరికి ఎన్నేళ్ళకి వొచ్చిందండీ?" అని యడిగెను.

ఐదవయేట మాతృదేవి యొడిలో కూర్చుండి ఒక్క మధ్యాహ్నమున దానిని నేర్చి మిషను దొరసానిచేత బొమ్మపటము బహుమానముగా పొందిన వృత్తాంతము ఆయన జిహ్వాగ్రమునకు వచ్చెను. వచ్చి, వెలువడక నిలిచెను. ఆ డెబ్బదియేండ్ల వృద్ధుడు పుస్తకమును దగ్గఱకు లాగుకొని, తాను వ్రాసిన యక్షరమునే గాక దానిపైనున్న మూడు పంక్తులనుగూడ కొట్టివేసి, "ఈమె మూడేండ్లక్రిందటనే యోగ్యురాలు, పరీక్షాధికారి యెఱుగడయ్యె" నని వ్రాసి, చేవ్రాలు చేసి, లేచి నిలువబడి, "అమ్మా, పండుగనాడు రమ్ము" అనెను. ఆయన యొక చాపలల్లుదానిని అమ్మా యని పిలుచుట విన్న బాలికలు ఒకరినొకరు చూచుకొనిరి.

"ఒస్తానండి. ఈవిడ్ని కూడా నా పక్కనే కూర్చోబెడతాను, బల్లకాడైనా ఉప్పు గురించి మాట్లాడకుండా ఉంటుందేమో" అని సాలమ్మ వెడలెను.

విశ్వాసి ఆత్మయందు ఎదుగుటకు వాక్యపఠనము వలయును, ప్రార్థన వలయును, సంఘసహవాసము వలయును. ఇవి పెద్దలు బోధించునవి, సత్యములు. అయినను నేర్చినమాట నిజమగువఱకు దానిని పలుకజాలని జిహ్వయు, అది నిజమగుటకై నిత్యము శ్రమపడు చేతులును లేనియెడల ఆ మూడును కోటుకు కుట్టిన బొత్తాములవలె నెంత మెఱసినను పైపైనే నిలుచును.

పునరుత్థానపండుగ యుదయమున తోడికోడండ్రిద్దరును బల్లయొద్ద ప్రక్కప్రక్కల మోకరించిరి. సంఘమంతయు ఏకకంఠముగా ప్రభువు నేర్పిన ప్రార్థనను చెప్పుచుండెను. మన్నింపువాక్యము రాగానే, ఎల్లవారికంటె అరమాత్ర ముందుగా స్పష్టోచ్చారణతో మ్రోగవలసిన దైవాశీర్వాదముగారి కంఠము వినబడదయ్యె. వాక్యమును ముగించి జనులు ఊపిరి పీల్చుకొనుచున్న యా క్షణనిశ్శబ్దమున, సాలమ్మకు వెనుకవరుసనుండి, ఒక్కొక్క పదమునే యెత్తి చూచి దించుచున్నట్లు, ఒక వృద్ధకంఠము ఒంటరిగా ఆ వాక్యమును మొదలిడెను.