ఒక్క ఫ్లాపీలో పట్టిన పుస్తకం

“టైపు మా ఆవిడ చేస్తుందండీ. ఇంట్లో ఖాళీయే కదా” అని మా ఆయన ఫోన్లో పబ్లిషరు గారికి చెబుతున్నారు. నేను వంటింట్లో చారుకి చింతపండు పిసుకుతున్నాను. కోపం రాలేదంటే అబద్ధం. పిండిన చింతపండునే ఇంకో నాలుగుసార్లు పిండాను. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. నాకు జ్వరమొస్తే కాలేజీకి సెలవు పెట్టి పక్కన కూర్చునే మనిషి. బసవపున్నయ్య మాస్టారంటే సత్యనారాయణపురంలో ఒక్కరు కూడా చెడ్డగా చెప్పరు. అయినా ఖాళీ అన్న మాట ఆయన నోటికి ఎంత సులువుగా వచ్చిందో!

ఆయన జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఇంటర్ పిల్లల కోసం తెలుగు మీడియంలో గైడు రాస్తున్నారు. ఆయన రాస్తున్నారనే అందరూ అంటారు, నేనూ అంటాను. నిజానికి ఆయన చేసేది పాత నోట్సులు నా ముందు పడేసి, “కాస్త వరస చేసి కొట్టు తులసీ” అనడం. ఆ వరస చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. నేనూ బియ్యెస్సీ జువాలజీయే, పెళ్లయ్యాక ఎవరూ అడగలేదు గానీ. ఆయన నోట్సులో మూడు ముక్కలున్న చోట పిల్లలకి అర్థమయ్యేలా పేజీన్నర రాస్తాను. ప్రశ్నలు తయారు చేస్తాను. బొమ్మల కింద పేర్లు పెడతాను. బొద్దింక పాఠానికైతే నోట్సే లేదు, ఎప్పుడో పోయింది. ఇరవై ఏళ్లుగా వంటింట్లో వాటితో కాపురం చేస్తున్నదాన్ని, ఎవరినీ అడక్కుండా మొత్తం నేనే రాసేశాను. మధ్యలో అత్తయ్య, ఆవిడకి కంప్యూటరన్నా టీవీయే, “ఆ టీవీ ముందు కూర్చుని టిక్కుటిక్కుమంటుంటే పప్పెవరు చూస్తారే? అడుగంటుతోంది!” అని కేకేస్తారు. లేచి స్టవ్వు కట్టేసి వచ్చి, బొద్దింక గుండెకి ఎన్ని గదులో కొడతాను. పదమూడు.

ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో మా ఆయనకి తెలియదు. బనీను బీరువాలో కళ్లెదుటే ఉన్నా “తులసీ, ఏదీ?” అంటారు. కంప్యూటర్లోనూ అంతే. ఫోల్డరు తెరిచి, అందులో ఇంకో ఫోల్డరు తెరిచి పాఠం వెతుక్కోవడం ఆయన వల్ల కాదు. అందుకని పద్దెనిమిది పాఠాలకీ తెర మీద షార్ట్‌కట్లు పెట్టాను. ఒక్కో దాని మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది. నొక్కితే లోపలెక్కడో ఉన్న అసలు ఫైలు తెరుచుకుంటుంది. “భలే పెట్టావే” అని మురిసిపోయారు.

రెండేళ్లు పట్టిన ఆ పుస్తకాన్ని ప్రెస్సుకి ఇవ్వాల్సిన వారంలోనే కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. నేను కంకిపాడులో మా అక్కావాళ్ల గృహప్రవేశానికి వెళ్లాను. రెండు రోజులయ్యాక తిరిగొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే నిలబడి నవ్వుతున్నారు.

“నీకు పని లేకుండా అంతా చేసేశాను. కంప్యూటర్ సెంటర్ అతన్ని పిలిచి ఫార్మాట్ కొట్టించా. కొత్తదానిలా అయిపోయింది, చూద్దువుగాని రా.”

సంచీ నా చేతిలోనే ఉండిపోయింది. “మరి పుస్తకం?”

“అంత తెలివితక్కువవాణ్ణా? ముందే ఫ్లాపీలోకి ఎక్కించా, నేనే స్వయంగా. పద్దెనిమిది పాఠాలూ ఒక్క ఫ్లాపీలో పట్టేశాయి తులసీ! రెండు నిమిషాలు కూడా పట్టలేదు.”

నాకు అక్కడే అర్థమైపోయింది. బొమ్మలతో కలిపితే ఒక్క పాఠానికే ఒక ఫ్లాపీ నిండుతుంది. అయినా ఆశ చావక పెట్టి చూశాను. లోపల పద్దెనిమిది బాణాలున్నాయి. దేన్ని నొక్కినా తెర మీద ఒక టార్చిలైటు బొమ్మ అటూ ఇటూ ఊగుతూ వెతికింది గానీ దానికి ఏమీ దొరకలేదు. షార్ట్‌కట్లు వచ్చాయి, ఫైళ్లు ఫార్మాట్‌లో పోయాయి. ఆ మాట చెబితే ఆయన మంచం మీద కూలబడ్డారు. “రెండేళ్ల పని... ఎల్లుండి ఇస్తానన్నాను. నాశనం చేసేశాను” అన్నారు. తిట్లు నా నోటిదాకా వచ్చాయి. రెండేళ్లు ఎవరివండీ అని అడుగుదామనుకున్నాను. ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఈ పాడు జాలే ఎప్పుడూ నా కొంప ముంచుతుంది.

వంటింట్లోకి వెళ్లి మినపగుళ్ల డబ్బా వెనక నుంచి రేకు డబ్బా తీసుకొచ్చాను. పాఠం పూర్తయిన ప్రతిసారీ విడిగా ఒక ఫ్లాపీలోకి కాపీ తీసి అందులో దాచేదాన్ని. మా ఊరి చెమ్మకి ఫ్లాపీలు బూజు పడతాయని గుప్పెడు బియ్యం గుడ్డలో మూటకట్టి పడేశాను. ఇదంతా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. గ్యాస్ అయిపోకముందే ఇంకో బండకి రాయించడం కూడా ఎవరూ చెప్పలేదు. కొన్ని పనులు జరగకపోతేనే కనిపిస్తాయి, జరిగినన్నాళ్లూ అవి పనులే కావు.

ముందు తెలుగు ఫాంటు ఎక్కించాను, అది లేకపోతే పాఠాలన్నీ పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. తర్వాత ఒక్కో ఫ్లాపీ పెట్టి కాపీ చేస్తుంటే ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. అన్నీ వచ్చాయి గానీ బొద్దింక ఫ్లాపీ ఒక్కటీ గరగరలాడింది, తెరుచుకోలేదు. నాలుగుసార్లు చూసి పక్కన పడేసి, కొత్త పేజీ తెరిచి కొట్టడం మొదలుపెట్టాను.

“ఉండు, నా నోట్సు వెతుకుతాను.”

“మీ నోట్సుల్లో ఈ పాఠం లేదండీ.”

“మరి ఎవరిది?”

“నేను రాశాను.”

ఆయన లేవబోయినవారల్లా మళ్లీ కూర్చున్నారు. నోటి భాగాలు, రెక్కలు, కాళ్ల కీళ్లు, ఏ కాగితమూ చూడకుండా కొట్టుకుంటూ పోయాను. ఆయన నా చేతుల వంక, తెర వంక మార్చి మార్చి చూస్తున్నారు. మా పెళ్లిచూపుల్లో కూడా ఆయన నన్నంత పరీక్షగా చూడలేదు. లోపల్నుంచి అత్తయ్య “అన్నం ఎవరు వారుస్తారే?” అన్నారు. “నేను వారుస్తానమ్మా, దాన్ని కదిలించకు” అని ఆయనే లేచి వెళ్లారు. గంజి చేతి మీద ఒలకబోసుకుని వచ్చారనుకోండి. అయినా నాకు ముద్దొచ్చారు.

మర్నాడు మధ్యాహ్నానికి పుస్తకం మొత్తం సిద్ధమైంది. చివరగా మొదటి పేజీ తెరిచాను. ‘బసవపున్నయ్య, రామతులసి’ అని ఉంది. పోయిన పేజీలో ఆయన పేరొక్కటే ఉండేది. ఖాళీ అన్న మాట విన్న రోజున, నేను దాచుకునే కాపీలో మాత్రం నా పేరు చేర్చుకున్నాను. ఎవరూ చూడరనుకున్నాను. చూస్తే నవ్వుతారని భయం కూడా ఉండేది. ఇప్పుడు ఉన్నది ఆ కాపీ ఒక్కటే.

ఆయన రెండుసార్లు చదివి, “పాత పేజీలా మార్చి పంపుదామా? వాళ్లకి చెప్పింది నా ఒక్కడి పేరే కదా” అన్నారు, గొంతు తగ్గించి.

“పాత పేజీ మీ ఫ్లాపీలో ఉంది కదండీ. దాన్నే పంపండి.”

ముందు ఆయనకి నవ్వొచ్చింది, ఆ తర్వాత నాకూ ఆగలేదు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. నవ్వుతున్నాను గదా అని నేను ఆ పేరు తీయలేదు. చీర మార్చుకుని వచ్చి ఆయన స్కూటరెక్కాను. రెండేళ్లలో నేను ప్రెస్సుకి వెళ్లడం అదే మొదటిసారి.

గవర్నరుపేటలో పబ్లిషరు గారు మొదటి పేజీ చూసి కళ్లజోడు సర్దుకున్నారు. “ఈ రామతులసి గారెవరండీ మాస్టారూ? మీ కాలేజీలోనే చేస్తారా?”

మా ఆయన చెప్పబోయారు. బహుశా మంచి మాటే చెప్పేవారు. నేను ఆగలేదు.

“నేనేనండీ. ఈ పుస్తకం మేమిద్దరం రాశాం.”