కుడి లైను పాఠం

రవాణా ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్న డ్రైవింగ్ మాస్టారికి పొద్దున్న పదింటికే అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి హైవే మీద కుడి లైను పట్టుకుని నత్తలా పాకితే, శిక్ష తన కూతురికి పడబోతోంది. ఇదెక్కడి న్యాయం?

"నలభై! అందరూ ఎనభైలో పోయే లైన్లో నలభై!" అన్నాడు పదోసారి. "ఆ లైను దేనికి? ముందున్న బండిని దాటడానికి. దాటాక బుద్ధిగా ఎడమకి వచ్చెయ్యాలి. తాతల నాటి ఆస్తిలాగా అందులోనే తిష్ఠ వేస్తారా? ఇలాంటివాళ్లకి లైసెన్సు ఇచ్చినవాణ్ణి అనాలి ముందు. నేర్పినవాడెవడో గానీ, వాణ్ణి నడిరోడ్డు మీద నిలబెట్టి అడగాలి!"

"మెల్లగా నాన్నా. లోపలికి వినబడుతోంది."

"వినబడనీ. వినబడాలనేగా అంటున్నాను."

కూతురు ఇస్త్రీ చేసిన యూనిఫారం నలగకుండా బల్ల అంచున కూర్చుంది. ఆమె బస్సు డ్రైవరు. ఆరేళ్లు ఊళ్లో సిటీ బస్సులు తిప్పి, ఎంతమంది ఎన్ని మాటలన్నా ఓర్చుకుని, కిందటేడే దూరపు రూటు సంపాదించింది. ఆ రూటులో ఆడమనిషి ఆమె ఒక్కతే. లైసెన్సు పదిహేను రోజులకు మించి ఆగిపోతే రూటు వేరేవాళ్లకి ఇచ్చేస్తామని డిపో మేనేజరు ముందే చెప్పాడు. మాస్టారికి మూడు రోజులుగా కంటికి కునుకు లేనిది అందుకే.

జరిగిందింతే. నలభై ఇద్దరు ప్రయాణికులతో వెళుతున్న బస్సు ముందు, కుడి లైన్లో ఒక తెల్లటి చిన్న కారు. హారన్ కొట్టింది, లైట్లు వేసి ఆర్పింది. కారు సైడ్ ఇవ్వలేదు. అలా ఏడు కిలోమీటర్లు. వెనక బండ్లు బారులు తీరాయి, ప్రయాణికులు గొణిగారు. చివరికి ఎడమ లైన్లో సందు దొరకగానే ఆమె అటునుంచి దాటింది. దాటేటప్పుడు బస్సు తగిలి కారు పక్క అద్దం పగిలింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. కానీ హైవే కెమెరా అంతా చూసింది.

"ఎడమనుంచి దాటడం తప్పే నాన్నా. కాదనను," అంది కూతురు, ఎదుటి గోడకేసి చూస్తూ. "కానీ ఏడు కిలోమీటర్లు నాకు అడ్డంగా నడపడం తప్పు కాదా?"

"ఎందుక్కాదూ? ఇదుగో!" మాస్టారు సంచిలోంచి రూల్సు పుస్తకం తీశాడు. నెమ్మదిగా వెళ్లే బండి ఎడమకి జరిగి దారి ఇవ్వాలన్న నిబంధన కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉంది. "దీన్ని ఆ ఆఫీసరు మొహం మీద పెట్టి చదువుతాను. నా చేతికింద రెండు వేలమంది పైన నేర్చుకున్నారు. ఒక్కడు ఒక్క యాక్సిడెంటు చేశాడని విన్నావా? అదీ నేర్పడమంటే!"

అదే ఆయన గర్వం. ముప్ఫై ఏళ్లు నడిపిన స్కూలు నిరుడు మూసేసినా, ఆ గర్వాన్ని మాత్రం మూయలేదు.

లోపలికి పిలిచారు. ఆఫీసరు ఫైలు మీంచి టీ గ్లాసు పక్కకి జరిపి, కంప్యూటరు తెర వీళ్లవైపు తిప్పాడు. తెర మీద తెల్ల కారు నిమ్మకు నీరెత్తినట్టు పోతోంది. మాస్టారు పళ్లు నూరాడు.

"కారు ఓనరుని కూడా రమ్మన్నాం," అన్నాడు ఆఫీసరు.

తలుపు తీసుకుని యాభై ఏళ్లావిడ లోపలికొచ్చింది. మందుల షాపు ఆమెది. గదిలో అందరినీ బెరుకుగా చూసి, మాస్టారి దగ్గర ఆగింది. ఆమె మొహం విప్పారింది.

"మాస్టారూ! మీరా! బాగున్నారా? నన్ను గుర్తుపట్టారా? క్లచ్ తొక్కమంటే బ్రేకు తొక్కేదాన్ని!"

మాస్టారు గుర్తుపట్టాడు. స్టీరింగ్ ముందు చేతులు వణికే మనిషి. మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి గట్టెక్కింది.

"వీరు మీకు తెలుసా?" అన్నాడు ఆఫీసరు.

"తెలియకపోవడమేంటి సార్! నాకు బండి నేర్పింది ఈయనే. పద్దెనిమిదేళ్లయింది. మొన్నటిదాకా నా కారు మీద ఒక్క గీత లేదు. అంతా మాస్టారి చలవ."

"వెనకనుంచి అన్నిసార్లు హారన్ కొడితే సైడ్ ఎందుకివ్వలేదమ్మా?"

"ఎడమ వైపు వెళ్లాలంటే నాకు భయం సార్. మాస్టారు చెప్పారుగా. 'డివైడర్ పక్కన పట్టుకో, నెమ్మదిగా పో. అటునుంచి ఎవడూ రాడు, ఒక్క పక్క చూసుకుంటే చాలు.' ఆ మాట ఒక్కరోజు కూడా జవదాటలేదు."

ఆ మాట మాస్టారిదే.

అన్నాడు. ఆమెతోనే కాదు, చేతులు వణికిన ప్రతివాడితోనూ అన్నాడు. ఎడమ అంచున సైకిళ్లు, ఆగిన వ్యాన్లు, బస్సు దిగే జనం. కొత్తవాళ్లు బెంబేలెత్తిపోయేవారు. అందుకే మొదట్లో డివైడర్ పట్టుకోమనేవాడు. చెయ్యి కుదిరాక ఎడమకి రావాలి, కుడి లైను దాటడానికి మాత్రమే వాడాలి. అది పాఠంలో రెండో సగం, లైసెన్సు వచ్చాక చెప్పాల్సింది. లైసెన్సు చేతికొచ్చిన మర్నాటి నుంచి స్కూలు గడప తొక్కేదెవరు? రమ్మని ఆయనా పిలవలేదు. అప్పటికే కొత్త బ్యాచి కారు దగ్గర కాచుకుని ఉండేది.

చేతిలో పుస్తకం ఉంది. ఎర్ర గీత ఉంది. గట్టిగా చదివితే తప్పంతా ఈవిడ మీదికి పోతుంది. కూతురు ఆయనకేసే చూస్తోంది. మాస్టారు పుస్తకం బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఆవిణ్ణి ఏమీ అనకండి సార్. సగం పాఠం చెప్పి రోడ్డు మీదికి తోలింది నేను. తప్పు నాది. నా పేరు మీద రాసుకోండి."

"మీ మీద రాయడానికి సెక్షన్ లేదు మాస్టారూ."

"ఎందుకు లేదు? ఉండాలి!" మాస్టారి గొంతు గదంతా మోగింది. ఇంత కోపం ఆయనకి ఇదివరకు మంది మీద వచ్చింది గానీ, తన మీద తనకి రావడం ఇదే మొదలు.

ఆఫీసరు కళ్లజోడు తుడుచుకుని తీర్పు చెప్పాడు. కారావిడకి హెచ్చరిక ఉత్తరం. బస్సు డ్రైవరు లైసెన్సు నెల రోజులు రద్దు.

"అడ్డంగా నడిపినందుకు ఉత్తరం, దాటినందుకు నెలా?"

"పగిలిన అద్దం కళ్లకి కనబడుతుంది మాస్టారూ. ఆగిపోయిన బండ్లు ఫైలులోకి రావు. ఆ నిబంధన కింద ఉత్తరం రాయడం కూడా నాకు ఇదే మొదటిసారి."

బయట వరండాలో మందుల షాపావిడ కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. "నావల్ల మీ అమ్మాయికి ఇంత కష్టమొచ్చింది. మరి ఎడమకి ఎప్పుడు రావాలో మీరు చెప్పనేలేదే, మాస్టారూ?"

ఆమె నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది.

కూతురు డిపోకి ఫోన్ చేసి నెల రోజులని చెప్పింది. అవతలి మాట విని, "సరే సార్," అని పెట్టేసింది. రూటు పోయింది. మెట్లు దిగుతూ మెల్లగా అంది: "నాకు చెప్పావుగా నాన్నా. అన్నం తినేటప్పుడల్లా చెప్పేవాడివి, కుడి లైను దాటడానికే అని. ఇంట్లో ఉన్నాను కాబట్టి తెలిసిందన్నమాట నాకు."

తిట్టినా బాగుండేది అనుకున్నాడు మాస్టారు.

ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు. అటక మీంచి స్కూలు రిజిస్టర్లు దింపి దుమ్ము దులిపాడు. ముప్ఫై ఏళ్ల పేర్లు, పక్కన ఫోన్ నంబర్లు. సగం మారిపోయే ఉంటాయి. అయినా సరే, చివరి బ్యాచి నుంచి వెనక్కి మొదలుపెడదామనుకున్నాడు. కూతురు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నెల రోజులు ఖాళీయేగా. నువ్వు మాట్లాడు, నేను నంబర్లు చదువుతా."

మొదటి నంబరు మోగగానే ఎత్తారు.

"నేనయ్యా, డ్రైవింగ్ మాస్టార్ని. ఒక పాఠం మిగిలిపోయింది. ఎప్పుడొస్తావు?"

"మాస్టారూ! ఎన్నాళ్లకి!" అవతలి గొంతు సంబరపడింది. "బండి నడుపుతున్నా. ఏం ఫర్వాలేదు, చెప్పండి. మీరు చెప్పినట్టే డివైడర్ పక్కన నెమ్మదిగా పోతున్నా."

ఆ గొంతు వెనక ఒకటి కాదు, రెండు కాదు, హారన్లు ఆగకుండా మోగుతున్నాయి.