మోతీ బరువు

పొద్దుగాల ఆరింటికి కరీంనగర్ పోలీస్ లైన్ల అజీముద్దీన్ చేసే మొదటి పని డ్యూటీ కుక్క మోతీని దువ్వుడు. చెవులు చూసి, పంజాలు తుడిచి, కాంటా మీద నిలబెడ్తడు. ఇరవై ఎనిమిది కిలోలు. ఇంటికి పోతే ఆయన భార్య హుస్నా వాకిట్లనే బకెట్ల నీళ్లు పెట్టి ఉంచుతది. కుక్కను ముట్టిన చేతులు కడుక్కొని, బట్టలు మార్చుకున్నంకనే లోపలికి. ఆరేండ్ల నుంచి అదే పద్ధతి.

కూలిన ఇండ్ల కింద మనుషులను వెతికే కుక్కలు వాసన తగలంగనే అక్కడ కూసొని మొరుగుతయి. వాటికి నేర్పేది అదే. మోతీ కూసోదు, లేస్తది. కింద పాణం ఉంటే దాని కాళ్లు నేలను విడుస్తయి. పాణం గట్టిగుంటే ఛాతీ ఎత్తు, తగ్గుతుంటే మోకాలెత్తు. కాళ్లు మళ్ల నేలకు ఆనితే పాణం పోయినట్టే, వెతుకుడు ఆపి జేసీబీని పిలుస్తరు. పెద్దాఫీసర్లు ఫోన్ల అడిగేది ఒక్కటే మాట, "కుక్క లేచిందా?"

ఆ రోజు చొప్పదండి దాటినంక ఒక బియ్యం గోదాం కూలింది. నాలుగు రోజుల ముసురుకు గోడలు నాని, పైకప్పు మీదపడ్డది. పదిమంది హమాలీలల్ల తొమ్మిదిమంది బయటికి ఉరికిన్రు. హనుమండ్లు రాలే.

జీపు దిగంగనే అజీముద్దీన్ చూసింది మిగిలిన గోడను. రెండు నిలువుల ఎత్తున్నది, కడుపు ఉబ్బినట్టు ముందుకు వంగింది. సందులకెల్లి మట్టి రాలుతున్నది. పోయిన వానకాలం మంథనిల ఒక చిన్నపిల్ల మట్టి కింద పడ్డప్పుడు, ఇసొంటి గోడ పక్కనే మోతీ గంటసేపు గాలిల నిలిచి, మెల్లమెల్లగ బురదలకు దిగింది. ఆయన తాడు పట్టుకొని చూస్తనే ఉన్నడు. ఆ పిల్లను బయటికి తీసినప్పుడు చెయ్యి ఇంకా వెచ్చగనే ఉండె. అప్పటి సంది ఫోన్ మోగితే చాలు, ఆయన ముందుగాల మోతీ కాళ్ల దిక్కు చూస్తడు.

మోతీ ఇటుకల మీదికెల్లి పోయి, సరిగ్గ ఆ గోడ కిందనే, విరిగిన స్లాబు దగ్గర లేచింది. ఛాతీ ఎత్తుకు లేచి మొరిగింది.

"ఉన్నడు," అన్నది టీం లీడర్ పద్మలత. "కట్టర్లతోనే కొయ్యిన్రి. జేసీబీ కదిలితే గోడ పడ్తది."

హనుమండ్లు భార్య ఐలవ్వ అడ్డం కట్టిన తాడు కిందికెల్లి వంగి వచ్చింది. "సారూ, ఎంత లేచింది?"

"మంచిగనే లేచింది చెల్లె. ఫికర్ చెయ్యకు."

పన్నెండైంది. ఒంటిగంటైంది. మోతీ అజీముద్దీన్ నడుము దాకా దిగింది, రెండింటికి మోకాళ్ల దాకా. పైకెల్లి ఒక ఇటుక రాలి ఆయన బూటు పక్కన పడ్డది.

"అజీం భాయ్, వెనుకకు రా!" పద్మలత ఒర్రింది.

"ఇంకెంత సేపు మేడం?"

"గంట."

మోతీ కాళ్లకూ నేలకూ నడుమ జానెడే ఉన్నది. అజీముద్దీన్ వంగి, దాని కడుపు కింద రెండు చేతులు పెట్టి ఎత్తిండు.

"గిదేం పని భాయ్?"

"తెల్వదు మేడం. నాకు శాన భయమైతుంది. కానీ దీన్ని మాత్రం కింద పెట్ట."

ఎత్తిన కాసేపటికే మోతీ బరువెక్కవట్టింది. ముందు బియ్యం బస్తా అంత, తర్వాత రెండు బస్తాలంత. ఆయన మోకాళ్లు వంగినయి. కలిమా చదువుకుంటనే పట్టుకున్నడు. హనుమండ్లుతోని కలిసి మోసే కైలాసం ఉరికొచ్చిండు. "అట్ల మోస్తే నడుము పోతది సారూ. జర జరుగు." తువ్వాల మడతపెట్టి భుజాన ఏసుకొని, తన వీపు కుక్క కింద పెట్టిండు. మిగిలిన హమాలీలు కదిలిన్రు. పద్మలత గోడ దిక్కు చూసింది, వాళ్ల దిక్కు చూసింది.

"ఆరుగురి కంటె ఎక్కువ పోవద్దు," అన్నది.

ఐలవ్వ ఏడో మనిషి. ఆమెను ఎవ్వరూ ఆపలే. మోతీ పొట్టకు రెండు చేతులు ఆనించి పైకి నూకుకుంట, స్లాబు దిక్కు తిరిగి చెప్పవట్టింది. "నేను పట్టుకున్ననయ్యా. నువ్వు నిద్రపోకు. ఇంటున్నవా, నిద్రపోకు."

"మూడు క్వింటాళ్లు దాటింది," కైలాసం పండ్లు కొరికిండు. గోడ కిర్రుమన్నది. ఎవ్వరూ తల ఎత్తలే.

"చెయ్యి దొరికింది!" సందులకెల్లి కేక వచ్చింది.

"నాడి?" పద్మలత అడిగింది.

కట్టర్ ఆగింది. అజీముద్దీన్‌కు మంథని పిల్ల చెయ్యి యాదికొచ్చి కండ్లు మూసుకున్నడు.

ముందుగాల కైలాసానికే తెలిసింది. బస్తా దించినప్పటి లెక్క, వీపు మీద జర తేలికైంది. ఆ తర్వాతనే లోపలికెల్లి దగ్గు వినిపించింది. మోతీ వాళ్ల చేతులల్లకెల్లి జారి, తలలు దాటి పైకి లేచిపోయింది. దాన్ని ఎవ్వరూ చూడలే. అందరూ సందు దిక్కే చూస్తున్నరు. స్ట్రెచర్ బయటికి వచ్చింది. దుమ్ముల మునిగిన మనిషి, ఒక కన్ను తెరిచి ఉన్నది. ఐలవ్వ ఆయన పాదం పట్టుకొని అంబులెన్స్ దాకా ఉరికింది.

పద్మలత అందర్నీ రోడ్డు మీదికి తరిమింది. ఆఖరి మనిషి దాటంగనే గోడ కూలింది. దుమ్ము అణిగినంక చూస్తే, మోతీ తాడును నడుముకు చుట్టుకొని అజీముద్దీన్ రోడ్డు నడుమ నిలబడి ఉన్నడు. ఆయన చేతులు ఇంకా మోతీని మోస్తున్నట్టే ముందుకు చాచుకొని ఉన్నయి.

కైలాసం వచ్చి ఆ రెండు చేతులను పట్టుకొని మెల్లగ కిందికి వంచిండు.

"అయిపోయింది సారూ," అన్నడు. "ఇగ దించు."